ఏడో పాఠం కోసం నూజివీడు దాకా

మే నెలలో నూజివీడు వెళ్లొచ్చానని తెలియగానే మా స్కూలు టీచర్లందరూ నా సంచీ వైపే చూశారు. చిన్నరసాలు తెచ్చాను, పంచాను కూడా. కానీ నేను వెళ్లింది పళ్ల కోసం కాదు. నా ప్రథమ చికిత్స సర్టిఫికెట్టుకి మూడేళ్ల గడువు తీరిపోయింది. దాన్ని తిరిగి రాయించుకోవడానికి వెళ్లాను. అక్కడ జరిగిన దాన్ని అడిగినవాళ్లందరికీ ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఒక్కచోట రాద్దామని కూర్చున్నాను.

నేను కదిరిలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. ఏటా చలికాలంలో పిల్లలను తీసుకుని చుట్టుపక్కల కొండల మీదికి నాలుగు రోజుల క్యాంపుకి వెళ్తాను. డాక్టరు అందుబాటులో లేని అలాంటి చోట్ల ఎవరికైనా ఏమైనా అయితే ఏం చెయ్యాలో నేర్పే కోర్సు ఒకటి ఉంది. ఒక చిన్న సంస్థ నడుపుతుంది. పాఠాలు పోస్టులో వస్తాయి. జవాబులు రాసి పంపితే ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపుతారు. ఎనిమిది పాఠాలూ అయ్యాక ఒకసారి వెళ్లి చేతలతో చూపించాలి. మొదటిసారి ఆ పరీక్ష మా జిల్లాలోనే వేరే ఆయన పెట్టారు. మూడేళ్లకోసారి మళ్లీ మొదటి నుంచీ ఇదంతా చెయ్యాలి.

మొదటిసారి సర్టిఫికెట్టు వచ్చిన ఏడాదే కొండ మీద మా గంగరత్నను పాము కరిచింది. తొమ్మిదో తరగతి పిల్ల. పాఠంలో ఎలా ఉందో అలాగే చేశాను. మోకాలి కింద తాడుతో బిగించి కట్టాను. కొండ దిగి, బండి దొరికి, ఆసుపత్రికి చేరేసరికి నాలుగు గంటలు పట్టింది. పిల్ల బతికింది. కానీ కట్టు కింద కండ చచ్చిపోయింది. ఇప్పటికీ ఆ కాలు ఈడ్చి నడుస్తుంది. అంత గట్టిగా కట్టింది ఎవరని అక్కడి డాక్టరు అడిగినప్పుడు నేనే అని చెప్పాను. ఆ తర్వాత రెండేళ్లు ఏదో ఒక సాకు చెప్పి క్యాంపు మానిపించాను. ఈ ఏడు హెడ్‌మిస్ట్రెస్ ఒప్పుకోలేదు. సర్టిఫికెట్టు తిరిగి రాయించుకుని పిల్లల్ని తీసుకెళ్లండి, లేదంటే ఇంకొకరికి అప్పజెబుతానన్నారు.

సరేనని పాఠాలు తెప్పించుకున్నాను. ఏడో పాఠం పాముకాటు గురించి. మొదటి వాక్యమే ఇలా ఉంది: "తాడుతో బిగించి కట్టవద్దు. కోయవద్దు. నోటితో పీల్చవద్దు. కాలు కదలకుండా బద్ద కట్టి, మనిషికి ధైర్యం చెప్పి, ఆసుపత్రికి చేర్చండి."

జవాబులన్నీ రాశాను. అడుగున మాత్రం ఒక ప్రశ్న రాశాను. "మూడేళ్ల కిందట ఇదే కోర్సులో కట్టమని రాశారు. నేను కట్టాను. ఒక పిల్ల కాలు పోయింది. దీనికి మీ జవాబేమిటి?"

కాగితం తిరిగి వచ్చింది. మార్కులన్నీ వేసి, నా ప్రశ్న కింద ఎర్రసిరాతో ఒకే వాక్యం రాశారు. "దీనికి జవాబు కాగితం మీద రాయలేనమ్మా, మీరు రండి." కింద అవధానులు అని సంతకం, నూజివీడు చిరునామా.

స్టేషను ఒకచోట, ఊరు ఒకచోట

ఎనిమిదో పాఠం కూడా రాసి పంపి బయల్దేరాను. బెజవాడలో పాసింజరు ఎక్కి, నూజివీడు అని బోర్డు కనిపించగానే గబగబా దిగిపోయాను. స్టేషను బయట రిక్షా అతన్ని అవధానులు మాస్టారి ఇల్లు తెలుసా అని అడిగాను. అతను నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నూజివీడు వెళ్లాలాండీ? అయితే బస్సెక్కాలి. ఇది నూజివీడు కాదండి" అన్నాడు.

"బోర్డు అదే కదప్పా ఉండేది?"

"బోర్డు నూజివీడేనండి. ఊరు బాపులపాడు. నూజివీడు ఇక్కడికి ఇరవై కిలోమీటర్లు ఉంటుంది." ఇంతలోనే నా యాస పట్టేశాడు. "ఏ ఊరండీ మీది? సీమ నుంచా? అంతదూరం నుంచి కాయల బేరానికి వచ్చారా?"

పరీక్ష రాయడానికి వచ్చానంటే నవ్వాడు. నాకు నలభై రెండేళ్లు. నవ్వడంలో అతని తప్పేమీ లేదు. హనుమాన్ జంక్షన్ దాకా దిగబెట్టి, బస్సు ఆగే చోటు చూపించి, నా పెట్టె తనే బస్సు పైకి ఎక్కించి, రూపాయిన్నర చాలన్నాడు. మా ఊళ్లో అయితే కొత్తమనిషి అని తెలిశాక మూడు రూపాయలకు తక్కువ పుచ్చుకోరు.

జంక్షను దాటిన కాసేపటికి వరిపొలాలు వెనకబడి, ఎర్రనేల మొదలైంది. ఎర్రనేల చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. మా వైపు నేల కూడా అదే రంగు. కాకపోతే మా దగ్గర ఆ నేల మీద చెనక్కాయ చెట్లు మోకాలెత్తు దాటవు. ఇక్కడ రోడ్డుకి రెండు పక్కలా మామిడిచెట్లు కొమ్మలు నేలకి ఆనించుకుని, కాయల బరువు మొయ్యలేక కూర్చున్నట్టున్నాయి. కొమ్మలకి వెదురు కర్రలు ఆసరా పెట్టారు. బస్సులో గంపలే సగం చోటు ఆక్రమించాయి. పక్కన కూర్చున్న పెద్దావిడ తన ఒళ్లో ఉన్న సంచీలోంచి ఒక కాయ తీసి, "తినండమ్మా, పుల్లగా ఉండదు, కొబ్బరిమామిడి" అని చేతిలో పెట్టింది. తొడిమ దగ్గర కొరికాను. మొదటి చిన్న ప్రమాదం అక్కడే జరిగింది.

రత్నమాంబ గారి ఇల్లు

మాస్టారు నాకు బస ఏర్పాటు చేసింది మామిడికాయల వ్యాపారం చేసే పాండురంగారావు గారింట్లో. అవధానులు మాస్టారికి ఆయన పూర్వ విద్యార్థి. గుమ్మంలోకి వెళ్లేసరికి ఆయన భార్య రత్నమాంబ గారు నా మొహం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"అయ్యో, అదేంటండీ టీచరుగారూ, ఆ పెదవి?"

అద్దంలో చూసుకుంటే పై పెదవి ఉబ్బి, పక్కన ఎర్రగా కాలినట్టుంది.

"సొన అంటిందండీ. తొడిమ కోసి, కాయని నీళ్లలో వేసి ఆ సొన కార్చకుండా తింటారా ఎవరైనా? మీ వైపు మామిడికాయలుండవా?"

ఉంటాయి, కానీ పక్కింటివాళ్లు ఇస్తే తినడమే తప్ప చెట్టు మీద నుంచి అప్పుడే దిగిన కాయ ఏనాడూ కొరకలేదని ఒప్పుకున్నాను. ఆవిడ సబ్బునీళ్లతో కడిగించి, కొబ్బరినూనె రాశారు. ప్రథమ చికిత్స పరీక్షకి వచ్చినామెకి ప్రథమ చికిత్స చేశామని ఆ ఇంట్లో వాళ్లు రెండు రోజులు చెప్పుకుని నవ్వుకున్నారు.

ఆ ఇంటి వెనక కొట్టులో నేల మీద వరిగడ్డి పరిచి, కాయలు వరసలు వరసలుగా పేర్చి, మళ్లీ గడ్డి కప్పి మాగవేశారు. తలుపు తీయగానే వేడిగా ఒక వాసన మొహానికి కొట్టింది. ఆ వాసన నా చీరల్లోంచి పోవడానికి ఇక్కడికొచ్చాక రెండు ఉతుకులు పట్టాయి.

భోజనంలో ముద్దపప్పు, కొత్త ఆవకాయ, దోసకాయ కూర. చివర పెరుగన్నం కలుపుకోగానే రత్నమాంబ గారు నీళ్ల బకెట్లో నానుతున్న చిన్నరసం ఒకటి తీసి, వేళ్లతో మెత్తగా నలిపి, మొన కొరికి పారేసి ఎలా తినాలో చూపించారు. పెరుగన్నం ఒక ముద్ద, రసం ఒక గుక్క. మేము పెరుగన్నంలోకి ఊరిమిండి, అదే చెనక్కాయల పచ్చడి, నంజుకుంటామని చెబితే, అదెలా చేస్తారో చెప్పమని అడిగి, వెంటనే చెనక్కాయలు వేయించడానికి లేచారు. వద్దన్నా వినలేదు. మర్నాడు రాత్రి భోజనంలో వాళ్ల విస్తళ్లన్నిట్లోనూ మా ఊరి ఊరిమిండి ఉంది. కారం ఎక్కువైందని ఒక్కరూ అనలేదు, కానీ మంచినీళ్ల చెంబు మాత్రం నాలుగుసార్లు నింపారు.

మాస్టారి వరండా

అవధానులు మాస్టారికి డెబ్బై దాటి ఉంటాయి. సైన్సు మాస్టారుగా రిటైరయ్యారు. సన్నగా, పొడుగ్గా, అంగవస్త్రం కప్పుకుని వరండాలో బల్ల ముందు కూర్చున్నారు. బల్ల మీద ఎర్రసిరా బుడ్డి. నా పెదవి చూసి, "సొనా?" అని ఒక్క మాట అడిగి, కుర్చీ చూపించారు.

దారి పొడుగునా ఏం అనాలో అనుకుంటూనే వచ్చాను. నేను నోరు తెరిచేలోగా ఆయనే మొదలుపెట్టారు.

"ఆ పిల్ల పేరేంటమ్మా?"

"గంగరత్న."

"ఇప్పుడు ఎలా ఉంది?"

"నడుస్తుంది సార్. ఎడమ కాలు ఈడుస్తుంది. పదో తరగతి పాసయింది. ఇంటర్లో చేరింది."

"ఆ పాత పాఠం రాసింది నేనేనమ్మా," అన్నారు. "అప్పటికి పుస్తకాల్లో అలాగే ఉంది. పెద్ద డాక్టర్లు అలాగే చెప్పారు. తర్వాత తర్వాత, కట్టిన కట్టే ఎక్కువ చెరుపు చేస్తోందని తెలిసింది. తెలిసిన నాడు నా దగ్గర చదువుకున్న వాళ్ల చిరునామాలన్నీ వెతికి కార్డులు రాశాను. మీకూ రాశాను. మీకు అందిందా?"

అందింది. గంగరత్న ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారానికి వచ్చింది. సంస్థ పేరు చూసి, చదవకుండానే పొయ్యిలో పెట్టాను. ఆ మాట ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు. ఆయనతో చెప్పాను.

"చదివినా ఆలస్యమేగా," అన్నారాయన. "మీ జవాబు కాగితం చూశాక నాకు వారం రోజులు నిద్ర లేదమ్మా. మీరు చేసింది నేను నేర్పిన పని. తప్పు మీ చేతుల్లో లేదు, నా కలంలో ఉంది. ఆ మాట ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాలనే రమ్మన్నాను." అని, అంత పెద్దాయన, నాకు రెండు చేతులూ జోడించారు.

నాకు కోపం పోలేదు. అబద్ధం చెప్పను, ఆ నిమిషంలో పోలేదు. కానీ ఆ కోపాన్ని మూడేళ్లుగా నా మీదే పెట్టుకుని తిరుగుతున్నాను. ఇప్పుడు మరో మనిషి వచ్చి రెండో కొస పట్టుకున్నట్టయింది. ఏడ్చాను. లోపలి నుంచి ఆయన భార్య మజ్జిగ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లారు.

తేరుకున్నాక చెప్పాను. "నాకు సర్టిఫికెట్టు వద్దు సార్. ఇప్పుడు నేర్చుకునేది కూడా ఇంకో మూడేళ్లకి తప్పని తేలితే? ఎవరి మీదైనా చెయ్యి వేయాలంటేనే భయంగా ఉంది."

"తేలవచ్చు," అన్నారు. సర్దిచెప్పడానికి ఒక్క మాట కూడా కలపలేదు. "అందుకే మూడేళ్లకోసారి రమ్మనేది. పరీక్ష సంగతి తర్వాత చూద్దాం. ఇంత దూరం వచ్చారు, రేపు పాండురంగారావు తోటలో రసాల కోత. చూసి వెళ్లండి."

మైలవరం రోడ్డు తోట

పొద్దున్నే ఎండ ఎక్కకముందే బయల్దేరాం. తోట ఊరికి పదహారు కిలోమీటర్లు. అందులో చివరి ఆరూ బండిబాట. మాస్టారు కూడా వచ్చి, చెట్టు కింద గోనెసంచీ పరిపించుకుని కూర్చున్నారు.

కోత చూడటానికి రెండు కళ్లూ చాలవు. పొడవాటి వెదురు కర్ర చివర ఒక వలసంచీ, దాన్ని చిక్కం అంటారు. కాయ చిక్కంలో పడేలా పట్టి, తొడిమ మీద చిన్న గుంజు గుంజుతారు. కాయ నేల మీద పడకూడదు. పడితే మాగదు, కుళ్లుతుంది. చిక్కం అందని కొమ్మల మీదికి మనుషులు ఎక్కుతారు. కింద ఆడవాళ్లు చిక్కం దించగానే కాయలు తీసి, సొన కారేలా తొడిమలు కిందకి పెట్టి వరసగా బోర్లిస్తారు. ఎవరి చేతులు చూసినా సొన కాలిన నల్లమచ్చలే.

ఆడవాళ్లలో మరియమ్మ అనే ఆమె నాకు కాయ పట్టుకోవడం నేర్పింది. చెట్టు మీద ఉన్నది ఆమె భర్త యోహాను. "ఇరవై ఏళ్లుగా ఎక్కుతున్నాడండీ. కిందకన్నా పైనే బాగా నడుస్తాడు," అంది. నా పెదవి చూసి అందరిలాగే నవ్వింది.

పదిగంటలప్పుడు పైన ఆకులు గలగలమన్నాయి. యోహాను "చీమలు, చీమలు!" అని అరిచాడు. ఎర్రచీమల గూడు మీద చెయ్యి పడింది. మొహం నిండా పాకాయి. కళ్లు తుడుచుకోవడానికి కొమ్మ వదిలాడు. రెండు కొమ్మలకి తగిలి, వీపు నేలకి ఆనేలా దభాలున పడ్డాడు.

అందరూ ఒక్కసారే పరిగెత్తారు. ఒకాయన చంకల కింద చేతులు పెట్టి లేపబోతున్నాడు. ఇంకొకాయన నీళ్ల చెంబు తెస్తున్నాడు. "కూర్చోబెట్టండ్రా, గాలాడుద్ది" అంటున్నారు. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేవడానికి అవస్థ పడుతున్నారు. లేచి వచ్చేసరికి అంతా అయిపోతుంది.

"ఎత్తాకండి!" అని కేక పెట్టాను. డ్రిల్లు గ్రౌండులో ఐదొందల మంది పిల్లలకి వినపడే కేక. "ఎవరూ ఎత్తాకండి! మనిషిని తాకాకండి!"

ఎత్తవద్దు, తాకవద్దు అనడానికి మా సీమ మాట వాళ్లకి కొత్త. ఏమంటోంది ఈవిడ అని అందరూ నా వైపు తిరిగారు. ఆ తిరిగిన వ్యవధి చాలు నాకు. వెళ్లి అతని తల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. అతని తలని రెండు వైపులా పట్టుకున్నాను.

"యోహానూ, వినపడుతోందా? ఎక్కడ నొప్పి?"

"నడుం... నడుం అండీ. లేపండి నన్ను. ఎవరీవిడ? చీమలు కుడుతున్నాయి, లేపండి!"

ఊపిరి ఆడుతోంది, మాట స్పష్టంగా ఉంది. కాళ్లు కదిలించమని కాదు, వేళ్లు మాత్రం ఆడించమన్నాను. కుడికాలి వేళ్లు ఆడాయి. ఎడమవి కాసేపు ఆడలేదు. తర్వాత ఆడాయి. మరియమ్మ అప్పటికి వచ్చి నా పక్కన పడినట్టు కూర్చుంది.

"మరియమ్మా, ఇలా రా. నేను పట్టుకున్నట్టే పట్టుకో. తల ఇటూ అటూ తిరగకూడదు. వదలొద్దు. ఏమైనా సరే వదలొద్దు."

నల్లమచ్చల చేతులు నా చేతుల స్థానంలోకి వచ్చాయి. మిగతావాళ్లకి పనులు చెప్పాను. ఒకామె తడిగుడ్డతో మొహం మీది చీమలు తుడిచింది. యోహాను నీళ్లు అడిగాడు, గొంతులో పోయవద్దన్నాను, పెదాలు మాత్రం తడిపించాను. తోటలో ఉన్న నిచ్చెన తెప్పించి, దాని మీద గోనెసంచులు మడిచి, పైన వరిగడ్డి మందంగా పరిపించాను. ఆరుగురం ఒకే వైపు వరసగా కూర్చుని, నేను "మూడు" అనగానే తలా నడుమూ కాళ్లూ ఒకే కర్రలా పక్కకి ఒత్తిగిలించి, నిచ్చెన వీపు కిందికి జరిపాం. తలకి రెండు పక్కలా గడ్డి చుట్టలు ఆనించి, మగవాళ్ల తువ్వాళ్లతో కట్టాం. అంతసేపూ యోహాను నన్ను తిడుతూనే ఉన్నాడు. తిట్టగలుగుతున్నాడు కదా అని నాకు సంతోషంగానే ఉంది.

మాస్టారు చెట్టుకి ఆనుకుని నిలబడి చూస్తున్నారు. ఒక్కసారి మాత్రం, "కుడి మోకాలి దగ్గర ఇంకొక కట్టు" అన్నారు. వేశాను.

ట్రాక్టరు మీద

కాయల కోసం వచ్చిన ట్రాక్టరు ట్రక్కులో గడ్డి పోసి నిచ్చెన ఎక్కించాం. డ్రైవరు ఆత్రంగా బయల్దేరబోతే మరియమ్మే కేక వేసింది, "మెల్లగా పోవయ్యా, మనిషున్నాడు!" ఆరు కిలోమీటర్ల బండిబాటకి గంట పట్టింది. పైన ఎండ. నేనొక పక్క కూర్చుని నా చీర కొంగు అతని మొహానికి అడ్డం పట్టాను. మరియమ్మ తల దగ్గర కూర్చుని రెండు చేతులూ తీయలేదు. గుంతలో పడ్డప్పుడల్లా అతనితో పాటు ఆమె కూడా ఎగిరింది, చేతులు మాత్రం కదల్లేదు. దారిలో ఏదో ప్రార్థన గీతం సన్నగా పాడింది. అతను తిట్టడం ఆపేశాడు.

నూజివీడు ఆసుపత్రిలో డాక్టరు గారు వచ్చి, "ఇక వదలమ్మా" అన్నారు. ఆమె వదల్లేదు. నా వైపు చూసింది. "వదిలెయ్ మరియమ్మా" అన్నాను. అప్పుడు వదిలింది. వేళ్లు సాగలేదు, అలాగే వంగిపోయి ఉన్నాయి. నర్సు ఆ చేతుల్ని తన చేతుల్లో పెట్టుకుని నెమ్మదిగా నలిపింది. మామిడిపండుని మెత్తబరిచినట్టే నలిపింది.

అక్కడి నుంచి వ్యాన్లో యోహానుని బెజవాడ పంపారు. మేము వెనక్కి వచ్చేసరికి నా చీర మీద సొన మరకలు, మోకాళ్ల నిండా ఎర్రమట్టి. రత్నమాంబ గారు నీళ్లు తోడి పెట్టి, వాళ్ల చీర ఒకటి ఇచ్చారు. ఆ చీర తిరిగి ఇవ్వబోతే, "మీ దగ్గరే ఉంచుకోండి టీచరుగారూ" అన్నారు. ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడు కట్టుకున్నది అదే.

మర్నాడు మాస్టారు నా పరీక్ష పెట్టలేదు. పెట్టాల్సింది ఇంకేం లేదన్నారు. సర్టిఫికెట్టు మీద నా పేరు రాస్తూ, "రెండు మార్కులు తగ్గించానమ్మా," అన్నారు.

"దేనికి సార్?"

"మొదట నా వైపు చూశారు. అక్కడ ఒక క్షణం పోయింది. ఈసారి ఎవరి వైపూ చూడకండి."

కోపం ఎప్పుడు పోయిందో గమనించలేదు. అప్పటికి లేదని మాత్రం తెలిసింది. వంగి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాను. ఆయన కంగారుపడి కాళ్లు వెనక్కి తీసుకున్నారు.

బెజవాడ ఆసుపత్రి

నా రైలు మధ్యాహ్నం రెండింటికి. దానికి ముందు యోహానుని చూసి వెళ్దామని ఆసుపత్రికి వెళ్లాను. గోడ పక్క మంచం. వెన్నుపూస ఒకటి చిట్లింది, కానీ పక్కకి జరగలేదు, కాళ్లకి ఏమీ కాలేదు. ఆరు వారాలు వెల్లకిలా పడుకోవాలి. నన్ను చూడగానే అతను మొహం గోడవైపు తిప్పుకోబోయాడు.

"మెడ తిప్పాకు!" అన్నాను.

"ఆరోజు మిమ్మల్ని నోటికొచ్చినట్టు అన్నానంట కదండీ. మా ఆవిడ చెప్పింది. తప్పయిపోయిందండి."

"నాకు సగం మాటలు అర్థం కాలేదులే."

మరియమ్మ పకపకా నవ్వింది. యోహాను పడ్డాక ఆమె నవ్వడం నేను ఇదే చూడటం. స్టూలు తుడిచి నాకు వేసి, తను నేల మీద కూర్చోబోయింది. చెయ్యి పట్టుకుని మంచం అంచున కూర్చోబెట్టాను.

కాసేపటికి యోహాను మెల్లగా అడిగాడు. "టీచరమ్మగారూ, ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. నేను మళ్లీ చెట్టెక్కగలనా?"

ఆ వార్డులో అందరూ అతనికి ధైర్యం చెప్పే ఉంటారు. నేనూ చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది.

"నాకు తెలియదు యోహానూ," అన్నాను. "తెలిసిన డాక్టరుగారిని అడుగుదాం."

"ఆయన రెండింటికి గానీ రారండి. మీకు రైలుందంట కదా."

"రైళ్లు చాలా ఉన్నాయి."

ముగ్గురం కూర్చున్నాం. మరియమ్మ మూట విప్పి, చల్లబడిన ఇడ్లీలు మూడు భాగాలు చేసి, నాకు పెద్ద భాగం ఇచ్చింది. రెండు దాటాక డాక్టరు గారు వచ్చారు. యోహాను అడగలేకపోతే నేనే అడిగాను. ఆయన ఎక్స్‌రే వెలుతురుకి పట్టి, కాలి వేళ్లు నొక్కి, చాలాసేపు చూశారు.

"ఈ ఏడు లేదు. వచ్చే ఏడు కాయల నాటికి ఒకసారి వచ్చి చూపించు. బాగుంటే చిన్న చెట్లు ఎక్కు."

డాక్టరు గారు తర్వాతి మంచం దగ్గరికి వెళ్లిపోయారు. యోహాను పైకప్పు వైపు చూస్తూ, అక్కడేదో కొమ్మ ఉన్నట్టు, అది ఎంత ఎత్తో కొలుస్తున్నట్టు చూశాడు. మరియమ్మ అతని నుదుటి మీద అరచెయ్యి వేసింది.

"ముందు లేచి కూర్చోవయ్యా," అంది. "చెట్లు ఎక్కడికీ పోవు."

నా రైలు అప్పటికే వెళ్లిపోయింది. మరో రైలు సాయంత్రం ఉంది. అప్పటిదాకా వాళ్లతోనే ఉన్నాను.